ఇంజిన్‌కీ ఊపిరాడాలి!

మాస్టారు ముప్ఫై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ బొమ్మని కళ్లు మూసుకునైనా నల్లబల్ల మీద గీయగలరు. సిలిండరు, అందులో పిస్టను, పైన రెండు వాల్వులు, వాటి మధ్య స్పార్క్‌ప్లగ్గు, కింద క్రాంకు... ‘పీల్చు, నొక్కు, మండించు, వదులు’ అంటూ పిల్లల చేత పాటలా వల్లె వేయించేవారు. అన్నేళ్లలో ఆయన గీసిన బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ ఓ చిన్న రబ్బరు గొట్టం లేదు. ఎలా ఉంటుంది? పాఠ్యపుస్తకంలోని బొమ్మలోనే లేదు!

రిటైరైన నాలుగేళ్లకి ఆ గొట్టమే ఆయనకు రెండు వారాలపాటు కంటిమీద కునుకు లేకుండా చేసింది.

మాస్టారిది నూజివీడు. పదకొండేళ్ల కిందట కొనుక్కున్న చిన్న పెట్రోలు కారు ఒకటుంది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ తప్ప పెద్దగా బయటకు తీసేవారు కాదు. అలాంటిది ఆ ఏడాది వేసవిలో దానికి రోజూ పని పడింది. భార్యకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది. ఇక రేడియేషన్ ఇవ్వాలన్నారు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, మొత్తం ఇరవై అయిదు సిట్టింగులు. మధ్యలో మానకూడదు. విజయవాడ వెళ్లి రావాలి. ఒకవైపు నలభై కిలోమీటర్ల పైమాటే. బస్సులో ఆమె కూర్చోలేదు. రోజూ టాక్సీ అంటే పింఛను చాలదు. కొడుకు పుణెలో ఉద్యోగం, వచ్చి వారం ఉండి వెళ్లాడు. మిగిలింది మాస్టారూ, ఆ కారూ.

పొద్దున్నే బయల్దేరేవారు. ఆగిరిపల్లి దాటి, నున్న మీదుగా, మామిడితోటల మధ్య నుంచి ప్రయాణం. మొదటివారం ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ‘ఏసీ తగ్గించనా?’, ‘వద్దులెండి’... అంతే. చెప్పుకోవాల్సినవి ఎక్కువైనప్పుడు మాటలు తక్కువవుతాయేమో!

రెండోవారంలో కారు మొరాయించడం మొదలెట్టింది.

చాంబరు కింద నల్లటి మరక

ముందు కారు కింద గచ్చు మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. మర్నాటికి అది అరచేయంత అయింది. బెజవాడ సిగ్నళ్ల దగ్గర ఆగితే మాడిన నూనె వాసన. బానెట్ తెరిస్తే ఇంజిన్ పక్కలంతా జిడ్డు. ఆయిల్ ఎంత ఉందో చూసుకునే డిప్‌స్టిక్ ఎవరో తోసినట్టు పైకి లేచి ఉంది. ఇంజిన్ నిలకడగా ఉండక, రొప్పుతున్నట్టు ఓసారి వేగంగా ఓసారి నెమ్మదిగా కొట్టుకుంటోంది.

దారిలో ఉన్న ఓ షెడ్డుకు తీసుకెళ్లారు. ఇంజిన్ నడుస్తుండగానే పైన ఆయిల్ పోసే మూత తీశాడు కుర్ర మెకానిక్. గుప్పుమని పొగ తన్నింది. ఎయిర్‌ఫిల్టరు తీస్తే నూనెలో ముంచినట్టు ఉంది.

‘బ్యాక్ కంప్రెషన్ మాస్టారూ! రింగులు పోయాయి. ఇంజిన్ దించాల్సిందే. నలభై అయిదు వేలదాకా అవుతుంది. పది రోజులు బండి వదిలెయ్యాలి’ అన్నాడు.

నలభై అయిదు వేలు సరే, ఎలాగో అప్పో సప్పో చేయొచ్చు. పది రోజులు? అప్పటికి తొమ్మిది సిట్టింగులయ్యాయి, ఇంకా పదహారున్నాయి. ఆ మాటలు కారులో కూర్చున్న భార్య చెవిన పడకూడదని మాస్టారు గొంతు తగ్గించి, ‘రెండు రోజుల్లో చెబుతాను’ అని బయటపడ్డారు. రోజూ అర లీటరు ఆయిల్ పోసుకుంటూ, గుండె గుప్పిట్లో పెట్టుకుని మరో రెండు రోజులు నడిపారు.

ఆసుపత్రి ఆవరణలో ఆ కారు కింద నూనె చుక్కలు చూసి పలకరించినవాడు ఓ అంబులెన్స్ డ్రైవరు. ‘ఇంజిన్ దించేముందు ఒక్కసారి ఆటోనగర్‌లో మా మేస్త్రికి చూపించండి మాస్టారూ’ అంటూ గుర్తులు చెప్పాడు. ఆమె వంతు రావడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. ‘నేను ఇక్కడ పడుకుంటాను. మీరు వెళ్లి రండి’ అని ఆమే పంపించింది.

కాగితం చెప్పిన నిజం

డెబ్భై ఏళ్ల మేస్త్రి బానెట్ ఎత్తి, చేయి పెట్టకుండా రెండు నిమిషాలు ఊరికే చూశారు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద ఓ కాగితం ముక్క ఉంచారు. ఎగిరిపోయింది.

‘లోపలికి పీల్చుకోవాల్సిన కాగితం బయటికి ఎగిరింది. అంటే లోపలి గాలికి దారి లేదు. దారి లేకపోవడం వేరు, రింగులు పోవడం వేరు. ముందు ఏదో తేల్చుకోవాలి’ అన్నారు.

స్పార్క్‌ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌కీ కంప్రెషన్ మీటరు బిగించి చూశారు. నాలుగింటిలోనూ ముల్లు పన్నెండుకు అటూఇటూగా నిలిచింది. ‘రింగులు నిక్షేపంలా ఉన్నాయి మాస్టారూ’ అంటూ ట్యాపెట్ కవరు మీది నుంచి గాలి గొట్టాల వైపు వెళ్లే ఓ చిటికెన వేలంత రబ్బరు పైపు పట్టుకుని చూపించారు. చల్లారాక క్లిప్పులు వదులు చేసి లాగితే చేతిలోకి వచ్చింది. రసం పీల్చేసిన మామిడిపండు తొక్కలా చప్పగా అతుక్కుపోయి ఉందది!

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి. రెండేళ్ల కిందట పాత పైపు పగిలిందని ఎక్కడో సర్వీసింగ్‌లో ఓ మామూలు పైపు ముక్క కోసి వేశారు. ‘ఏ పైపయితే ఏముంది సార్, గాలి వెళ్లడానికేగా’ అన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఈ గొట్టంలో వెళ్లేది ఒట్టి గాలి కాదు. వేడి నూనె ఆవిరి, పెట్రోలు ఆవిరి. మామూలు రబ్బరు ఆ నూనె తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అవతల ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడల్లా గోడలు రెండూ అతుక్కుపోతాయి. అందుకే దీనికి నూనెను తట్టుకునే ప్రత్యేకమైన రబ్బరు వాడతారు.

కొత్త గొట్టం, దానికో వాల్వు, ట్యాపెట్ కవరు కింద కొత్త ప్యాకింగు. అన్నీ కలిపినా వెయ్యి రూపాయలు దాటలేదు. అందులో గొట్టం ఖరీదు రెండొందల లోపే. మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేసి కాగితం పెట్టారు మేస్త్రి. ఈసారి అది రంధ్రానికి అతుక్కుపోయింది.

‘ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు మాస్టారూ, అంతే! ఊపిరాడనివాడికి గుండె ఆపరేషన్ చేస్తామంటే ఎలా?’

ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ రాత్రి మాస్టారు పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. తాను ముప్ఫై ఏళ్లు గీసిన బొమ్మలో ఏం వదిలేశారో తెలుసుకోవాలనిపించింది.

సిలిండర్లో పెట్రోలు ఆవిరి భగ్గుమన్నప్పుడు లోపలి వేడి రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పీడనం బయటి గాలికన్నా ముప్ఫై నలభై రెట్లుంటుంది. ఆ దెబ్బకే పిస్టను కిందికి దూకుతుంది. వాయువులు పక్కల నుంచి జారిపోకుండా పిస్టను చుట్టూ రింగులుంటాయి. కానీ వేడికి లోహం వ్యాకోచిస్తుంది కదా! అందుకని రింగు కొసల మధ్య సన్నటి సందు వదలక తప్పదు. ఎంత కొత్త ఇంజిన్ అయినా, ఎంత పెద్ద కంపెనీది అయినా ఆ సందుల్లోంచి కొంత వాయువు కిందికి, క్రాంకు తిరిగే గదిలోకి దిగుతూనే ఉంటుంది. మన మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్’ అనేది దీన్నే. అది జబ్బు కాదు, మితిమీరితేనే జబ్బు.

అలా దిగిన వాయువులో మండని పెట్రోలు ఉంటుంది, మండగా మిగిలిన వాయువులుంటాయి, నీటి ఆవిరీ ఉంటుంది. పెట్రోలులో నీరేమిటనకండి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది! ఎక్కువ భాగం సైలెన్సరు గుండా ఆవిరిగా పోతుంది. కొంత కిందికి దిగుతుంది. ఇవన్నీ అక్కడే ఉండిపోతే రెండు నష్టాలు. ఒకటి, ఒత్తిడి పెరిగి నూనె ప్యాకింగుల్లోంచీ సీళ్లలోంచీ తన్నుకొస్తుంది. అచ్చం విజిల్ మూసుకుపోయిన ప్రెషర్ కుక్కర్ సంగతే. రెండోది, నీరూ ఆమ్లాలూ కలిసి ఇంజిన్ ఆయిల్ చెడిపోయి నల్లటి బురదలా పేరుకుంటుంది. ఆ బురద నూనె వెళ్లాల్సిన సన్నటి దారులకు అడ్డుపడితే అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాలి.

ఈ ఆవిరిని బయటికి పంపడానికే ఆ గొట్టాలు. చాలా పెట్రోలు కార్లలో రెండుంటాయి. ఒకటి ఎయిర్‌ఫిల్టరు వైపు నుంచి శుభ్రమైన గాలిని లోపలికి తెస్తుంది. రెండోది లోపలి ఆవిరిని ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి చేరుస్తుంది. అంటే ఆ ఆవిరి తిరిగి సిలిండర్‌లోకే వెళ్లి మండిపోతుంది. మధ్యలో పీసీవీ వాల్వు అని బొటనవేలంత పరికరం. లోపల స్ప్రింగు, దాని మీద చిన్న ముల్లు. బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పీల్చే బలం ఎక్కువ, ఆవిరి తక్కువ. అప్పుడు వాల్వు దారిని సన్నం చేస్తుంది. వేగం అందుకున్నప్పుడు దారి విశాలం చేస్తుంది. పొరపాటున మంట వెనక్కి తన్నితే ఠక్కున మూసేస్తుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే పీల్చే బలం దాదాపు పోతుంది. అప్పుడు మిగిలిన ఆవిరి మొదటి గొట్టంలోంచే వెనక్కి, ఎయిర్‌ఫిల్టరు వైపు వెళ్తుంది. మాస్టారి కారులో ఫిల్టరు నూనెలో ఎందుకు మునిగిందో ఇప్పుడు అర్థమైంది కదూ! రెండో దారి మూసుకుపోయాక, ఆవిరంతా అటే తన్నింది.

ఓ నగరం ఉక్కిరిబిక్కిరై...

ఈ గొట్టం వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పటి ఇంజిన్లకు ఆవిరి పోవడానికి కిందికి వేలాడే గొట్టం ఒకటుండేది. బండి పరుగెడుతుంటే కింది నుంచి దూసుకుపోయే గాలి ఆ ఆవిరిని లాగేసేది. పాత లారీల కింద పొగ చిమ్ముతూ, నూనె చుక్కలు రాలుస్తూ కనిపించే పైపు ఆ కోవలోదే. బండి నెమ్మదిగా వెళ్తే ఆ ఉపాయం సరిగా పనిచేయదు. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధ ట్యాంకులు వాగులు దాటేటప్పుడు ఈ గొట్టంలోంచి నీళ్లు ఇంజిన్‌లోకి పోయే ప్రమాదం ఉండేది. దాంతో గొట్టాన్ని బయటికి వదలకుండా, ఇంజిన్ గాలి పీల్చే దారికే కలిపే ఏర్పాటు చేశారు.

అసలు మలుపు లాస్ ఏంజెలెస్‌లో వచ్చింది. 1943 జులైలో ఒకరోజు ఆ నగరాన్ని దట్టమైన పొగలాంటి మబ్బు కమ్మేసింది. జనానికి కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కదా, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమోనని హడలిపోయారు. అది శత్రువుల పని కాదని తర్వాత తేలింది. అదేమిటో విడమరచి చెప్పినవాడు డచ్ దేశస్థుడైన ఏరీ హాగెన్‌స్మిట్. కాల్‌టెక్‌లో జీవరసాయన శాస్త్రవేత్త. అనాసపండుకు ఆ కమ్మటి వాసన ఎలా వస్తుందో పరిశోధిస్తున్న మనిషి! నగరం గాలి సంగతి చూడమంటే అటు మళ్లాడు. వాహనాల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఆ మబ్బును పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు.

కారు నుంచి హైడ్రోకార్బన్లంటే అందరి చూపూ సైలెన్సరు మీదే. కానీ ఏ అదుపూ లేని పాతకాలం కార్లలో వాటిలో సుమారు అయిదో వంతు ఇంజిన్ కింద వేలాడే ఆ గొట్టంలోంచే వచ్చేది. పైగా అన్నిటికన్నా సులువుగా ఆపగలిగిందీ అదే. గొట్టం కొసను రోడ్డు వైపు కాకుండా ఇంజిన్ వైపు తిప్పితే చాలు! అందుకే కాలుష్యాన్ని అదుపు చేయడానికి కార్లలో మొట్టమొదట వచ్చిన ఏర్పాటు ఇదే అయింది. 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో మొదలై 1963కల్లా అమెరికా అంతటికీ పాకింది. మన దగ్గరా భారత్ స్టేజ్ నిబంధనల పరీక్షల్లో ఇదొకటి. పెట్రోలు కారు ఇంజిన్ గదిలోని ఆవిరి బయటి గాలిలోకి పోకూడదు. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6లోనూ ఆ షరతు ఉంది.

అంటే ఆ రెండొందల రూపాయల గొట్టం మన ఇంజిన్‌నే కాదు, సిగ్నల్ దగ్గర మన పక్కన స్కూటరు మీద నిలబడ్డ పసిపిల్లాడి ఊపిరినీ కాపాడుతోందన్నమాట.

మీ కారు సంగతేంటి?

ఈ గొట్టాన్ని సర్వీసింగ్‌లో అడిగి చూపించుకునేవాళ్లు తక్కువ. అయిదారేళ్లు దాటిన కారయితే ఏడాదికోసారైనా చూపించుకోవడం మంచిది. వేళ్లతో నొక్కితే గట్టిగా, పెళుసుగా ఉందా? పగుళ్లు వస్తున్నట్టే. మరీ మెత్తగా, ఉబ్బినట్టు ఉందా? అతుక్కుపోతుంది. పగిలితే ‘ఉస్స్’మని చప్పుడు, ఇంజిన్ నిలకడ తప్పడం, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలగడం... ఇవీ లక్షణాలు. మూసుకుపోతే నూనె కారడం, డిప్‌స్టిక్ పైకి లేవడం, ఫిల్టరు తడవడం. విడిగా ఉండే పీసీవీ వాల్వయితే విప్పి చెవి దగ్గర ఊపితే ‘టకటక’మనాలి. మూగబోయిందంటే మార్చాల్సిందే. కొన్ని కార్లలో ఈ వాల్వు విడిగా రాదు, కవరులోనే కలిసి ఉంటుంది.

ఆయిల్ మూత కింద మజ్జిగ మీద వెన్నలా తెల్లటి ముద్ద కనిపిస్తే నీటి ఆవిరి బయటికి పోవట్లేదని గుర్తు. రోజూ ఒకటి రెండు కిలోమీటర్లే తిరిగే కార్లలో ఇంజిన్ సరిగా వేడెక్కక కూడా ఇలా అవుతుంది. రేడియేటర్ నీళ్లూ తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, హెడ్ ప్యాకింగు పోయి ఉండొచ్చు. అన్ని కేసుల్లోనూ గొట్టమే దోషి అనలేం. నిజంగానే రింగులు అరిగిన ఇంజిన్లూ ఉంటాయి. కాకపోతే వరస ముఖ్యం. ముందు గొట్టం, తర్వాత కంప్రెషన్ మీటరు. ఇంజిన్ దించడం అన్నిటికన్నా చివర.

ఇరవై అయిదో రోజు

ఆటోనగర్ నుంచి ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి ఆమె సిట్టింగు అయిపోయింది. ఇంటిదారి పట్టాక, నున్న దాటిన తర్వాత మాస్టారు ఉండబట్టలేక చెప్పేశారు. నలభై అయిదు వేల సంగతి, పది రోజుల సంగతి, రెండు రాత్రులుగా నిద్ర పట్టని సంగతి.

‘ఆ అబ్బాయి అన్నది నాకూ వినిపించిందిలెండి. గాజులు అమ్మేద్దాం అందామనుకున్నా. మీరు బాధపడతారని ఊరుకున్నా’ అంది ఆమె.

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమె చాలాసేపు ఏడ్చింది. జుట్టు రాలిన సంగతి, అద్దం చూసుకోవడం మానేసిన సంగతి, రాత్రిళ్లు పట్టుకునే భయం సంగతి, ఆపరేషన్ నాటి నుంచీ ఎవరికీ చెప్పనివన్నీ చెప్పింది. మాస్టారు ఓ మామిడితోట పక్కన కారు ఆపి విన్నారు. ఆ రోజు నుంచి ఆ నలభై కిలోమీటర్లూ వాళ్లకు మాటలకు చాలేవి కాదు.

మిగిలిన సిట్టింగులన్నీ ఒక్కరోజు కూడా తప్పకుండా పూర్తయ్యాయి. ఇరవై అయిదో రోజు ఇంటికొచ్చాక మాస్టారు అలవాటుగా కారు కింద వంగి చూశారు. గచ్చు మీద ఒక్క చుక్క కూడా లేదు.

దసరా సెలవులకు పుణె నుంచి వచ్చిన మనవడు పుస్తకం తెచ్చి, ‘తాతయ్యా, కారు ఇంజిన్ బొమ్మ వేసివ్వవూ’ అన్నాడు. బ్యాటరీ కార్ల రోజులొచ్చాయి, వాడు పెద్దయ్యేసరికి పిస్టన్లూ రింగులూ ఉంటాయో ఉండవో! అయినా ఆయన పెన్సిలు తీసుకున్నారు. సిలిండరు, పిస్టను, రెండు వాల్వులు, స్పార్క్‌ప్లగ్గు, క్రాంకు... అన్నీ గీశాక ఓ క్షణం ఆగి, కింది గది నుంచి పైదాకా సన్నటి గొట్టం ఒకటి గీశారు.

‘ఇదేంటి తాతయ్యా?’

‘ముందు దీని గురించి చెబుతా... కూర్చో’ అన్నారు మాస్టారు.